దొర గదిలో కమోడు

మా అమీనుగారి వీధి చారిత్రక వీధి అయిపోవడానికి కారణం నేనే. ఈ మాట వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. కాకపోతే నా పేరుకు ముందు ఒక్కొక్కరు ఒక్కో విశేషణం చేరుస్తారు. వాటిలో చాలావరకు న్యాయమైనవే.

నేను రిజిస్ట్రారాఫీసులో ముప్ఫై మూడేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. అన్నేళ్ళూ ఇతరుల దస్తావేజులకు నకళ్ళు రాశాను. తూర్పున ఫలానా వారి గోడ, పడమర ఫలానా వారి కొబ్బరి దొడ్డి అని రాసి రాసి, ఈ ఊరి చరిత్రంతా నా చేతి మీదుగానే నడిచిందన్న భ్రమ ఒకటి నాలో కుదురుకుంది. రిటైరయ్యాక ఆ భ్రమకు ఖాళీ సమయం తోడైంది. ఊళ్ళో ఎవరో ప్రత్యేక సంచిక వేస్తున్నారని తెలిసి, 'అమీనుగారి వీధి: ఒక మహోజ్జ్వల గతం' అనే వ్యాసం రాసి ఇచ్చాను.

మహోజ్జ్వలం అనదగ్గది మా వీధిలో ఏమీ లేదు. పాతిక పెంకుటిళ్ళు, మధ్య మధ్య నాలుగైదు డాబాలు, వాటి ముందు అరుగులు, అరుగుల మీద పేపరు పంచుకుని చదివే మేమూ. అందుకని మా ఇంటినే పట్టుకున్నాను. మా పడగ్గదిని ఆనుకుని పెరటివైపు చిన్న గది ఒకటుంది. అమ్మ బతికున్న రోజుల్లో దాన్ని 'దొర గది' అనేది. "దొర అందులోనే పడుకునేవాడురా. గోనె పరిచినా కాళ్ళతో తన్నేసి నేల మీదే పడుకునేవాడు. పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. మీ తాతయ్య కచేరీకి వెళితే వెంట వెళ్ళి సాయంత్రం ఆయనతోనే తిరిగొచ్చేవాడు. కొత్తవాళ్ళు వస్తే మాత్రం అస్సలు పడేది కాదు" అని నా చిన్నప్పుడు చెబుతుండేది.

చరిత్రకారుడికి ఇంతకన్నా ఏం కావాలి? నేను రాశాను: "ఆంగ్లేయులైన కలెక్టరు దొరగారు మా పితామహుల ఆతిథ్యం స్వీకరించి, భారతీయ నిరాడంబరతకు ముగ్ధులై, హంసతూలికా తల్పాన్ని సైతం తృణీకరించి నేలపై శయనించెడివారు. దధ్యోదనమే వారి ఆహారము. అపరిచితులతో ముభావముగా ఉండెడివారు." గది తలుపు అడుగున నిలువుగా గీతలుంటే, అవి దొరగారి బూట్ల ఇనుప ముళ్ళు చేసిన గుర్తులని కూడా రాశాను. గోనె హంసతూలికా తల్పం ఎలా అయిందని మీరు అడగొచ్చు. దస్తావేజుల్లో పాడుబడ్డ పాకని 'సదరు భవంతి' అని రాసిన చెయ్యి నాది.

మా ఆవిడ శేషారత్నం ఆ వ్యాసం చదివి, "భలే రాశారండీ, చివరిదాకా నవ్వుతూనే ఉన్నాను" అంది. చరిత్ర వ్యాసానికి నవ్వేమిటని నొచ్చుకున్నాను. ఆడవాళ్ళకు చరిత్ర ఎక్కదులే అని కూడా అనుకున్నాను. ఈ వాక్యానికి మీరు నన్ను ఏమన్నా నాకు అభ్యంతరం లేదు.

సంచిక వచ్చిన ఆరు నెలలకు 'ప్రాచీన నివాస ప్రాంత పరిరక్షణ సమితి' మా వీధిలో దిగింది. సభ్య కార్యదర్శి చిదంబరరావుగారు మా అరుగు ఎక్కి, చెప్పులు విడిచి, స్తంభానికి నమస్కారం పెట్టారు. తరవాత నాకు పెట్టారు.

"విశ్వపతిగారూ, తమరి వ్యాసమే మాకు మూలాధారం. సదరు వీధిని దొరగారి కాలం నాటి యథాతథ స్థితికి పునరుద్ధరించి, శాశ్వత ప్రాతిపదికన పరిరక్షించాలని సమితి సూత్రప్రాయంగా నిర్ణయించింది."

"సూత్రప్రాయంగా అంటే ఇంకా పూర్తిగా నిర్ణయించలేదాండీ?"

"నిర్ణయం అయిపోయింది. సూత్రం తరవాత తయారవుతుంది" అన్నారాయన.

నన్ను 'గౌరవ స్థానిక చరిత్రకారుడు'గా నియమించి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. స్నానానికి తప్ప అది తీసేవాణ్ణి కాదు. మా ఇంటి గోడకు నీలం బోర్డు పెట్టారు. దొరగారి పేరు రాయడానికి చోటు వదిలారు. పేరు నేను పరిశోధించి చెబుతానన్నాను.

సూత్రం తయారై వచ్చింది. దొరగారి కాలంలో లేనిదేదీ వీధిలోంచి కనపడకూడదు. డాబాల మీద సింటెక్సు ట్యాంకులు దిగాయి, డిష్షులు దిగాయి, ప్లాస్టిక్ కుర్చీలు లోపలికి పోయాయి. అరుగు మీద నిక్కరుతో కూర్చునేవాళ్ళు పంచె కట్టారు. రెండో ఉత్తర్వు ప్రకారం దొరగారి కాలంలో లేనిదేదీ వినపడకూడదు. మిక్సీలు మూగబోయాయి, రుబ్బురోళ్ళు దొడ్లోంచి బయటికొచ్చాయి. మూడో ఉత్తర్వు వాసనల గురించి. ఎదురింటి కాంతమ్మగారు మనవలకు నూడుల్సు చేసిన రోజున ఆవిడకు నోటీసు వచ్చింది. "దొరగారి కాలమందు ఉనికిలో లేని సువాసనను బహిరంగ వీధిలోనికి విడుదల చేసినందుకు" సంజాయిషీ అడిగారు.

ఈ మూడింటినీ నేను మనస్ఫూర్తిగా సమర్థించాను. పక్కింటివాళ్ళ నీలం డ్రమ్ము గోడ మీంచి జానెడు కనపడుతోందని సమితికి తెలియజేసింది కూడా నేనే. గొప్ప నాగరికతలు ఇలాంటి చిన్న చిన్న అశ్రద్ధల వల్లే కూలిపోయాయని ఉత్తరంలో రాశాను. ఆ తరవాత పక్కింటివాళ్ళ పేపరు మా అరుగుకు రావడం మానేసింది.

అలా ఉండగా రత్నం మోకాళ్ళు అరిగిపోయాయి. చాలా ఏళ్ళుగా అరుగుతూనే ఉన్నాయట. నాకు మాత్రం ఆ వేసవిలోనే తెలిసింది. డాక్టరు ఫొటో తీసి చూసి, "అమ్మా, మీరు ఇక గొంతుక్కూర్చోకూడదు, మెట్లు దిగకూడదు" అన్నాడు. మా మరుగుదొడ్డి పెరటి చివర, ఆరు మెట్ల కింద ఉంది. అక్కడ ఈ రెండూ చెయ్యకుండా కుదరదు.

రోజూ పొద్దున్నే నేను చెయ్యి పట్టుకుని దింపేవాణ్ణి. ఒక్కో మెట్టుకీ ఆగేది. లోపల గొళ్ళెం వేసుకున్నాక గోడ పట్టుకుని లేవలేక తను పడే అవస్థ బయటికి వినపడేది. నేను అక్కడే నిలబడి మామిడి చెట్టు వంక చూస్తుండేవాణ్ణి. బయటికొచ్చాక ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకునేవాళ్ళం కాదు. మెట్లెక్కి వచ్చి రత్నం కాఫీ పెట్టేది.

పరిష్కారం కళ్ళ ముందే ఉంది. పడగ్గది పక్కనున్న దొర గదిలో కమోడు పెట్టిస్తే నాలుగడుగుల నడక. ప్లంబరు నూకరాజుని పిలిచాను. అతను గది చూసి, గోడ తట్టి, "ఆయ్, ఒక్క పూట పనండి బాబూ. పైపు గోడ కిందనించి తోసేత్తే నేరుగా సెప్టిక్ ట్యాంకులో కలిసిపోద్దండి. రేపీపాటికి అమ్మగారు మారాజులా కూకుంటారు" అన్నాడు. గునపం ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. ఆ చప్పుడు వీధిలోకి వినపడింది. అది రెండో ఉత్తర్వుకు విరుద్ధం.

పావుగంటలో చిదంబరరావుగారు వచ్చేశారు. పక్కింటివాళ్ళు కబురు పెట్టారట.

"విశ్వపతిగారూ! తమరు! దొరగారి గదిలో గునపమా!" ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నాకూ సిగ్గేసింది. మెడలో కార్డు వేసుకుని మరీ నిలబడ్డాను గదా.

దరఖాస్తు పెట్టుకోమన్నారు. అందులో 'ప్రతిపాదిత వస్తువు యొక్క చారిత్రక ఆవశ్యకత' అని ఒక గడి ఉంది. 'మా ఆవిడ మోకాళ్ళు' అని రాశాను. పదిరోజులకు తిరిగొచ్చింది. "మోకాళ్ళ ప్రాచీనతను నిరూపించు ధ్రువపత్రము జతపరచలేదు" అని ఎర్రసిరాతో రాసి ఉంది. రత్నం స్కూలు సర్టిఫికెట్టు నకలు జతచేశాను. "సదరు మోకాళ్ళు అరువది నాలుగు సంవత్సరముల నాటివి. నూరేళ్ళు నిండని వస్తువులు సమితి పరిధిలోకి రావు" అని మళ్ళీ తిరిగొచ్చింది.

"ఇంకో ముప్ఫై ఆరేళ్ళు ఆగమంటున్నారు" అన్నాను.

"అప్పటికి అవసరం ఉండదులెండి" అంది రత్నం.

స్వయంగా వెళ్ళి మొర పెట్టుకున్నాను. సమితి సమావేశమైంది. దొరగారు ఏ దిక్కున తలపెట్టి పడుకునేవారని అడిగారు. దక్షిణమన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, కానీ పెన్సిలుతో పటం కూడా గీసిచ్చాను. చర్చ రెండు గంటలు సాగింది. చివరికి చిదంబరరావుగారు లేచి తీర్మానం చదివారు.

"ఆంగ్లేయ జాతీయులు నేలపై శయనించినారని మూలాధారము ద్వారా తెలియుచున్ననూ, కాలకృత్యముల నిమిత్తము నేలపై కూర్చున్నట్లు దాఖలాలు లేవు. కావున సదరు గదిలో కమోడు ఉండి తీరవలెను. అది కాలక్రమేణా అదృశ్యమైనది. దానిని పునఃప్రతిష్ఠించుటకు సమితి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఇంటికి పరుగున వచ్చి చెప్పాను. రత్నం సేమ్యా పాయసం చేసింది. చరిత్ర ఎప్పటికైనా మనిషికి అక్కరకొస్తుందని, ఆ సంగతి చరిత్రకారుడి భార్య అయినా గుర్తించాలని పాయసం తాగుతూ ఉపన్యసించాను.

వారం తరవాత కమోడు వచ్చింది. బర్మా టేకుతో చెక్కిన పెద్ద పెట్టె, దాని మీద మూత, మూత మీద కిరీటం. నలుగురు మోసుకొచ్చి గది మధ్యలో పెట్టారు. చుట్టూ నాలుగు ఇత్తడి కడ్డీలు నాటి ఎర్రతాడు కట్టారు. 'కూర్చోరాదు' అని అట్ట తగిలించారు.

రత్నం గుమ్మం పట్టుకుని దాన్ని చాలాసేపు చూసింది. "బాబూ, ఇది ఎక్కడికి పోతుంది?" అని అడిగింది.

"ఎక్కడికీ పోదమ్మా" అన్నారు చిదంబరరావుగారు భరోసాగా. "శాశ్వతంగా ఇక్కడే ఉంటుంది."

"అది కాదు నాయనా. పైపేదీ అని."

"పైపు దొరగారి కాలం నాటిది కాదమ్మా. కుటుంబ సభ్యులు తాడు ఇవతల నిలబడి ఎప్పుడైనా వీక్షించవచ్చు. దానికి వేళల నియమం పెట్టలేదు."

శ్రావణం వచ్చింది. ఒక మధ్యాహ్నం జల్లు కురుస్తుండగా రత్నం మూడో మెట్టు మీద కూలబడింది. జారలేదు. ఇక దిగలేక కూర్చుండిపోయింది. పైకి లాగబోతే, "లాగకండి, కాసేపుండనివ్వండి" అంది. గొడుగు పట్టుకుని నేనూ పక్కన కూర్చున్నాను. తను ఏడుస్తోంది. మా పెళ్ళై నలభై మూడేళ్ళయింది. మోకాళ్ళ నొప్పికి తను ఏడవడం నేను చూడలేదు.

"ఏవండీ, ఒక మాట చెబుతాను, కోప్పడకూడదు" అంది. "దొర కుక్కండీ."

"ఏ దొర?"

"మీ దొరే. తెల్లగా ఉండేదట. అందుకని దొర అని పేరు పెట్టారట. మీ తాతగారి వెనకాల కచేరీకి వెళ్ళేదట. మీ అమ్మగారు నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో వీధిలోంచి లోపలికి రానిచ్చేది కాదట. పెరుగన్నం పెట్టి మచ్చిక చేసుకున్నారట."

అమ్మ చెప్పిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. గోనె. నేల. పెరుగన్నం. కొత్తవాళ్ళంటే పడకపోవడం. ఏ ఒక్కటీ కలెక్టరుకు అతకడం లేదు, అన్నీ కుక్కకు అతుకుతున్నాయి. ఆ సంగతి అక్షరం అక్షరం రాసిన నాకు తప్ప ఎవరికైనా తెలిసేదే.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"వ్యాసం చదివినప్పుడు మీరు కుక్క గురించి సరదాకి అలా రాశారనుకున్నాను. భలే గౌరవించారే అనుకున్నాను. తరవాత కార్డు వేసుకుని వీధిలో తిరుగుతుంటే అర్థమైంది. ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు ఎవరూ మిమ్మల్ని గారూ అని పిలవలేదు కదా. పోనీలే, సంతోషంగా ఉన్నారు కదా అని ఊరుకున్నాను."

గొడుగు తన వైపుకు వంచాను. వాన తగ్గాక తనే నా భుజం పట్టుకుని లేచింది.

ఆ ఆదివారమే గది ప్రారంభోత్సవం, నాకు సన్మానం. మూడు రోజుల టైముంది. అంతా విన్నాక నేను వెంటనే నిజం చెప్పడానికి పరిగెత్తానని రాస్తే బాగుండేది. కానీ ఆ రాత్రుళ్ళు నేను చేసిన పని వేరు. వ్యాసానికి ఒక సవరణ తయారు చేశాను: "దొరగారికి ఒక శునకము కూడా ఉండెడిది." నిజమూ పోదు, సన్మానమూ పోదు. ఆ కాగితం రత్నానికి చూపించాను. చదివి, మడిచి, నా చేతికిచ్చింది. తెల్లవారి నన్ను లేపకుండా గోడ పట్టుకుని ఒక్కర్తే మెట్లు దిగింది. నేను లేచి చూసేసరికి నాలుగో మెట్టు మీద ఉంది. ఆ కాగితం చింపేశాను.

ఆదివారం షామియానా వేశారు. శాలువా కప్పారు. మైకు నా చేతికిచ్చారు.

"సభకు నమస్కారం. దొర మా తాతగారి కుక్క. కలెక్టరు సంగతి నేను కల్పించాను. గదిలో మా ఆవిడకు కమోడు కావాలి. పైపున్నది కావాలి" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చిదంబరరావుగారు నవ్వు చెదరకుండా మైకు తీసుకుని, "విశ్వపతిగారి నిరాడంబరత" అని ఏదో మొదలుపెట్టారు. నేను ఆపాను. అప్పుడాయన మైకు పక్కన పెట్టి, తగ్గు గొంతుతో అడిగారు.

"కుక్క అనడానికి ఆధారం?"

"కలెక్టరు అనడానికి ఆధారం అడగలేదు కదండీ?"

"గౌరవప్రదమైన విషయానికి ఆధారం అడగడం మర్యాద కాదు. కుక్క అంటే దర్యాప్తు జరగాలి."

దర్యాప్తు జరిగింది. ఒక పశువైద్యాధికారి వచ్చి, నేల మీద బోర్లా పడుకుని, తలుపు గీతల్ని భూతద్దంతో చూశాడు. ముందు కాలి గోళ్ళ గుర్తులని, బయటికి పోవడానికి తలుపు గీకడం వల్ల ఏర్పడ్డాయని, ఎత్తును బట్టి మధ్యరకం జంతువని, స్వభావరీత్యా విశ్వాసపాత్రమైనదని రాసిచ్చాడు. స్వభావం గీతల్లో ఎలా తెలిసిందో నేను అడగలేదు. నాకు అనుకూలంగా ఉంది.

ఉత్తర్వు రావడానికి నెల పట్టింది. "సదరు గది నివాస భాగము కాదు, జంతువుల వసతి మాత్రమే. జంతువుల వసతులు పరిరక్షణ నిబంధనల పరిధిలోకి రావు. కావున శునకము నివసించిన గదిలో సదరు గృహస్థుని భార్య కమోడు అమర్చుకొనుటకు అభ్యంతరము లేదు." నా కార్డు వెనక్కి తీసుకున్నారు. శాలువా వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదని వదిలేశారు. వీధి మాత్రం చారిత్రకంగానే ఉండిపోయింది. ఒకసారి ప్రాచీనమైంది మళ్ళీ కొత్తది కావడం శాస్త్రసమ్మతం కాదట. నీలం బోర్డు మీద పేరు కోసం వదిలిన చోట 'దొర (శునకము)' అని రాసి వెళ్ళారు. దాని కింద ఇంటి యజమానిగా నా పేరు కాస్త చిన్న అక్షరాల్లో ఉంది.

ఉత్తర్వు సంగతి పాకగానే వీధిలో పరిశోధన ఊపందుకుంది. కాంతమ్మగారి వంటింట్లో పూర్వం ఆవు ఈనిందని తేలింది. ఇప్పుడక్కడ నూడుల్సు నిరభ్యంతరంగా చేసుకుంటున్నారు. మూలింటివారి డాబా మీద పావురాలుండేవట, సింటెక్సు ఎక్కించారు. పక్కింటివాళ్ళు తమ హాల్లో ఏ జంతువు ఉండేదో తేల్చుకోలేక, నన్ను వ్యాసం రాసిపెట్టమని వచ్చారు. పేపరు కూడా తెచ్చారు. రాయనన్నాను. వాళ్ళు గట్టిగా అడిగాక గుర్రం అని రాసిచ్చాను.

నూకరాజు మళ్ళీ వచ్చి, చెప్పినట్టుగానే ఒక్క పూటలో పని ముగించాడు. టేకు కమోడు సమితి వాళ్ళు తీసుకుపోయారు. దాని స్థానంలో తెల్లటి మామూలు కమోడు, గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, నీళ్ళ ట్యాంకు. నూకరాజు ట్యాంకు తాడు లాగి చూపించి, "ఇంక మీ చెయ్యి అక్కర్లేదండి బాబూ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నాకు అలవాటుగా మెలకువ వచ్చింది. మంచం మీద రత్నం లేదు. దొర గది తలుపు వేసి ఉంది. నేను వెళ్ళి బయట నిలబడ్డాను. లోపల్నుంచి మూలుగు వినపడలేదు. గోడ పట్టుకుని తడుముకోవడం వినపడలేదు. నీళ్ళు పోయిన చప్పుడు మాత్రం హాయిగా వినపడింది. నాకు కళ్ళు చెమర్చాయి. నా జీవితంలో ఈ ఇంటికి నేను చేసిన పని ఇదొక్కటేననిపించింది. అది కూడా ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం వల్ల జరిగింది.

నా అడుగుల చప్పుడు రత్నం విన్నట్టుంది.

"అక్కడ ఎందుకు నిలబడ్డారు?" అంది లోపల్నుంచి. "ఇక్కడ చరిత్రేమీ జరగడం లేదు. వెళ్ళి కాఫీ పెట్టండి."